ఆగుంబె వానల ఫోటో టూర్: డబ్బులు ఎక్కడ పనికొచ్చాయి, ఎక్కడ నీళ్లపాలయ్యాయి

హన్మకొండలో ఆఫీసున్న ఒక టూర్ వాళ్ల జూలై ప్యాకేజీ ఇది. కర్ణాటకలోని ఆగుంబెలో నాలుగు రాత్రులు, ఎనిమిది మంది, ఇద్దరు గైడ్లు. తీర్థహళ్లి నుంచి జీపు, బస, తిండి, గైడ్ ఫీజు అన్నీ కలిపి మనిషికి 22 వేలు. తీర్థహళ్లి దాకా ఎవరి ఖర్చు వాళ్లదే. కరపత్రం మీద 'బాధ్యత గల వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రఫీ' అని పెద్దక్షరాల్లో ఉంది. ఆ మాట మీద మూడు రాత్రులు నిలబడ్డారు, నాలుగో రాత్రి జారారు.

తెలంగాణలోని పాకాల, ఏటూరునాగారం, కవ్వాల్ అడవులు తిరిగినవాళ్లు ముందు ఒకటి తెలుసుకోవాలి. మన టేకు, మద్ది అడవుల్లో ఎండాకాలం ఆకు రాలాక నీళ్ల దగ్గర, దూరాన్ని దగ్గరికి లాగే 150-600 ఎంఎం లెన్స్ పెట్టుకుని ఓపికగా కూర్చుంటే ఏదో ఒకటి వస్తుంది. ఆగుంబెలో లెక్క తలకిందులు. మనకు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడితే అక్కడ 7,000 దాటుతుంది. చెట్ల పైకప్పు దాటి నేల మీదికి చేరే వెలుతురు నూటికి ఒకటో రెండో వంతులు. మధ్యాహ్నం పన్నెండుకు కూడా ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 3200 పెట్టినా షట్టర్ 1/60 సెకను దగ్గరే ఆగిపోతుంది. చూడాల్సినవి ఏమో అరచేయంత ఉంటాయి, అవీ రాత్రిపూటే బయటికొస్తాయి. ఇంత తేడా ఉంటే, టూర్ వాళ్లు పంపిన సామాన్ల జాబితాలో '600 ఎంఎం తప్పనిసరి' అని ఉంది. కవ్వాల్ సఫారీ జాబితాకే పేరు మార్చి పంపినట్టుంది. మూడు కిలోల లెన్స్ నాలుగు రోజులు సంచిలోనే నానింది.

నిజానికి కావాల్సినవి 90 నుంచి 105 ఎంఎం మధ్య ఒక మాక్రో (చిన్నవాటిని బాగా దగ్గరి నుంచి తీసే లెన్స్), ఒక 70-200 లేదా 70-300, ఒక ఫ్లాష్, దాని వెలుతురును మెత్తబరిచే మంచి డిఫ్యూజర్. డిఫ్యూజర్ కొనక్కర్లేదు. టీవీ డబ్బాలో ప్యాకింగ్‌కు పెట్టే తెల్లటి పల్చని ఫోమ్ షీటును రెండు పొరలుగా, లెన్స్ మీదికి గొడుగులా వంచి రబ్బరు బ్యాండ్ వేస్తే చాలు. మాన్యువల్‌లో షట్టర్ 1/200, లెన్స్ రంధ్రం ఎఫ్/11, ఐఎస్ఓ 400, ఫ్లాష్ శక్తి 1/16తో మొదలుపెట్టండి. ఫ్లాష్ వెలిగేది రెప్పపాటులో వందో వంతు కూడా ఉండదు కాబట్టి చేతి వణుకు బొమ్మలో కనపడదు. ఎఫ్/16 దాటితే వివరం మెత్తబడుతుంది. 1:1 దగ్గర (అంటే వస్తువు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరగా తీస్తే) ఎఫ్/11లో కూడా ఫోకస్ నిలిచే మందం మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. ఫోకస్ కన్ను మీద లేకపోతే ఆ ఫ్రేము దండగ.

ఈ మాక్రోను పాము దగ్గరికి తీసుకెళ్లకూడదు. 100 ఎంఎం మాక్రోతో 1:1లో తీస్తే లెన్స్ అంచుకూ పాముకూ మధ్య జానెడు దూరం కూడా మిగలదు. మలబార్ పిట్ వైపర్ అనే విషపు పాము గంటల తరబడి కదలకుండా కొమ్మకు చుట్టుకుని ఉంటుంది. ఆ కదలకపోవడమే మోసం చేస్తుంది, నిద్రపోతోందనుకుంటారు. అది ఎర కోసం కాపు కాస్తోంది. స్థానిక గైడ్ చేతిలో ఒక గొడుగు ఉండేది. దాన్ని నేలకు పొడిచి 'కెమెరా ఈ గొడుగు దాటొద్దు' అనేవాడు. పాముకు అది సుమారు మీటరున్నర. అక్కడి నుంచి 70-200కు 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే, ఇంకా దగ్గర ఫోకస్ ఇచ్చే గొట్టం) వేస్తే ఫ్రేము నిండుతుంది. బృందంలో ఒకరు 'అన్నా, జర ఆ ఆకు పక్కకు తీయవా, తలకాయకు అడ్డమొస్తుంది' అని అడిగితే అతను వచ్చీరాని హిందీలో చెప్పిన జవాబు: ఆకు అలాగే ఉంటుంది, మీరు జరగండి. మోకాళ్ల మీద కూర్చుని రెండడుగులు ఎడమకు జరిగితే తల కనపడింది కూడా. 22 వేలల్లో సగం ఈ గైడ్‌కే ఇచ్చినా తప్పులేదు.

రెండో రాత్రి నీటి గుంట మీద ఇంకా బాగా నడిపాడు. మలబార్ గ్లైడింగ్ కప్పలు నీళ్ల మీదికి వంగిన ఆకుల దగ్గర జత కడతాయి. ఆడకప్ప వదిలిన ద్రవాన్ని వెనక కాళ్లతో చిలికి నురుగు చేస్తుంది. గుడ్లు ఆ నురుగు లోపల ఉంటాయి. పైపొర గట్టిపడి లోపలి తడిని కాపాడుతుంది, తర్వాత తోకకప్పలు కింది నీళ్లలోకి జారిపడతాయి. కొమ్మను ఒక్కసారి ఇటు వంచి వదిలితే గూడు నీటి మీది నుంచి పక్కకు జరగొచ్చు, అప్పుడు తోకకప్పలు నేల మీద పడి చస్తాయి. ఫోటో తీసినవాడికి అది ఎప్పటికీ తెలియదు. అందుకే గుంట ఒడ్డున ఒకచోటే నిలబడాలి, ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఒక్కొక్కరికి ఐదు ఫ్లాష్‌లు, ఫోకస్ కుదిరాక టార్చ్ ఆర్పేయాలి. ఐదు చాలవని గొణిగినవాళ్లు ఉన్నారు. మొదటి రెండూ ఎక్స్‌పోజర్ సరిచూసుకోవడానికే పోతాయి కాబట్టి, ముందే పక్కనున్న ఏదైనా ఎండుటాకు మీద ఫ్లాష్ పరీక్షించుకుని వస్తే ఐదూ పనికొస్తాయి.

ఇక నాలుగో రాత్రి. వాన ఉధృతంగా ఉంది, బయటికి వెళ్లలేదు. అప్పుడు రెండో గైడ్ (మొదటివాడు కాదు, టూర్ వాళ్లు తమవెంట తెచ్చుకున్న మనిషి) ఒక ప్లాస్టిక్ డబ్బాలో పాముతో వరండాలోకి వచ్చాడు. బల్ల మీద నాచు పట్టిన కొమ్మ, వెనక నల్ల గుడ్డ, రెండు లైట్లు సిద్ధం. ఇలా తీసిన ఫోటోలే సోషల్ మీడియాలో ఎక్కువ లైకులు తెచ్చుకుంటాయి, సంగతి తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు: ఏ ఆకూ అడ్డం రాదు, వెనక చీకటి, పాము నోరు తెరిచి ఉంటుంది. కొందరైతే కప్పలు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెడతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం ఒక్కటే లేదు. పట్టుకోవడం, తరమడం, ఎర పెట్టడం కూడా వేట కిందికే వస్తాయి. అభ్యంతరం చెప్పాక డబ్బా లోపలికి పోయింది, 'మొన్నటి బ్యాచ్ వాళ్లే అడిగారు' అన్న సమాధానం మాత్రం మిగిలింది. కరపత్రం మీది పెద్దక్షరాలకు ఇక్కడే సగం మార్కులు పోయాయి.

మిగిలిన సగంలో కొన్ని ఆసుపత్రి విషయంలో పోయాయి. పాము కరిస్తే ఎక్కడికి తీసుకెళ్తారని అడిగితే 'మణిపాల్ దగ్గరే కదా' అన్నారు. దగ్గరే, సుమారు 55 కిలోమీటర్లు, కానీ మధ్యలో ఆగుంబె ఘాట్ దిగాలి. జూలైలో చెట్టు పడినా, కొండచరియ జారినా ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు దిక్కు తీర్థహళ్లి, ఆపైన శివమొగ్గ. మన దేశంలో మామూలుగా దొరికే పాలీవేలెంట్ యాంటీవెనం (పాము విషానికి విరుగుడు మందు) నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర విషాలకే తయారైంది. పిట్ వైపర్‌కు, రాచనాగుకు కాదు. మీటరున్నర నియమం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. రెండు దారులూ రాసిన కాగితం, రాత్రంతా డ్రైవర్‌తో సహా సిద్ధంగా ఉండే ఒక బండి అడగాలి. ఈ ప్యాకేజీలో డ్రైవర్ రాత్రి తొమ్మిదికి ఊళ్లోకి వెళ్లిపోతాడు.

తేమ గురించి టూర్ వాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు, ఎక్కువ కెమెరాలు మొరాయించింది దానివల్లే. బెంగళూరు నుంచి ఏసీ స్లీపర్‌లో వచ్చి తెల్లారి బస్టాండ్‌లో సంచి తెరిస్తే చల్లటి గాజు మీద ఆవిరి కమ్ముతుంది. జిప్ కవర్లో ఉంచి అరగంట ఆగాలి, తుడిస్తే మళ్లీ కమ్ముతుంది. గదిలో మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పావుకిలో సిలికా జెల్ వేసి లెన్స్‌లు అందులో పెట్టండి. బియ్యం వేయమనే సలహా వినకండి, పిండి లెన్స్ మౌంట్‌లో చేరుతుంది. జీన్స్ వద్దు, నానిందంటే వచ్చేదాకా ఆరదు.

జలగలను అక్కడ ఇంబళ అంటారు. మోకాలి దాకా వచ్చే లీచ్ సాక్సులు వేసుకుని ప్యాంటును వాటిలోకి దోపితే నూటికి తొంభై ఆగుతాయి. పట్టుకుంటే గోరుతో పక్కకు గీకి తీసేయాలి. రక్తం కాసేపు కారుతుంది, గాబరా పడక్కర్లేదు. డీట్ ఉన్న దోమల మందు రాసుకున్న చేత్తో కెమెరా పట్టుకుంటే రబ్బరు గ్రిప్ జిగురవుతుంది. కప్పను తాకితే అది దాని చర్మంలోంచి లోపలికి పోతుంది. అసలు తాకనే వద్దు, అది వేరే మాట.

మెచ్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. గమ్ బూట్లు అక్కడే ఇస్తారు, అక్కడే వదిలేయాలి. కప్పల చర్మాన్ని పట్టే కైట్రిడ్ అనే శిలీంధ్రం తడి బురదతో ఒక గుంట నుంచి ఇంకో గుంటకు చేరుతుంది, అందుకే ఈ ఏర్పాటు. సొంత బూట్లతో వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక అడుగుల్లోని బురదను బ్రష్‌తో గీకి, రెండు మూడు రోజులు ఎండలో పూర్తిగా ఆరాకే పాకాల చెరువులో అడుగు పెట్టాలి.

బస శుభ్రంగా ఉంది, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. పవర్ బ్యాంకు రెండు పెట్టుకోండి. భోజనం మలెనాడు (కర్ణాటక కొండ ప్రాంతం) పద్ధతి: దొడ్డు కుచ్చలక్కి (ఉప్పుడు బియ్యం) అన్నం, బెల్లం తగిలిన సాంబారు, వానాకాలం చేమాకులకు పిండి పూసి చుట్టి ఆవిరి పట్టే పత్రొడె. మనవాళ్లు రెండో రోజుకే ఎల్లిపాయ కారం కోసం వెతుక్కుంటారు, చిన్న సీసా వెంట ఉంచుకుంటే మంచిది.

కప్పలు, పిట్ వైపర్లు కావాలంటే జూన్ చివర నుంచి సెప్టెంబర్ దాకా. ఎగిరే బల్లి డ్రాకో కావాలంటే వానలు వెళ్లాక వక్క తోటల్లో పగటిపూట, అప్పుడు 600కు కాస్త పని దొరుకుతుంది. ఇదే టూర్ వాళ్లు ఏప్రిల్‌లో 'రాచనాగు గూడు దర్శనం' అని ఇంకో ప్యాకేజీ వేస్తున్నారు. ఆకులు పోగేసి గూడు కట్టి కాపలా కాసే పాము అదొక్కటే, గూటి చుట్టూ ఎనిమిది మంది ట్రైపాడ్లతో చేరితే అది గుడ్లు వదిలిపోవచ్చు. దానికి డబ్బు కట్టకండి. జూలైది కట్టాలనుకుంటే మాత్రం స్థానిక గైడ్ ఎవరో పేరు ముందే రాయించుకోండి, డబ్బా మనిషి వస్తాడంటే అడ్వాన్స్ వెనక్కి ఇస్తామని వాట్సాప్‌లో ఒక లైను పెట్టించుకోండి.