తోలు నిలిచింది, మడత తెగింది: లెదర్ బైబిలు ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

లెదర్ బైబిలు కొనేటప్పుడు అందరూ ముందు అట్ట నిమిరి, వాసన చూస్తారు. చూడాల్సింది అట్టకూ మొదటి కాగితానికీ మధ్య ఉన్న మడత. ఎనిమిదేళ్లుగా రోజూ తెరుస్తున్న ఈ తెలుగు బైబిలుకు మేకతోలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పాడైందల్లా ఆ మడతే. ఏడు వేలు దాటిన పుస్తకానికి ఆ చోట జానెడు నూలుగుడ్డ పట్టీ వెయ్యలేదంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

తోలు గురించి రెండు మాటలు. చిత్తూరు దాటితే రాణిపేట, ఇంకొంచెం పోతే ఆంబూరు, రెండూ తోళ్ల పరిశ్రమ ఉన్న ఊళ్లే. తోలు మనకు కొత్త కాదు. అయినా బాండెడ్ లెదర్ దగ్గర చాలామంది మోసపోతున్నారు, ఎందుకంటే అందులోనూ తోలు పొడి ఉంటుంది, వాసనా వస్తుంది. తోలు ముక్కల్ని నలగ్గొట్టి, జిగురు కలిపి పలకగా చేసి, పైన ప్లాస్టిక్ పూత వేసి గీతలు అచ్చు కొడతారు. మన ఎండకూ చేతి చెమటకూ ఆ పూత మూడు నాలుగేళ్లలో పెచ్చులు లేస్తుంది. ముందు వెన్ను పక్కన, తర్వాత అరచెయ్యి ఆనే చోట. అసలు తోలైతే మూల వంచినప్పుడు సన్నని ముడతలు పడి, వదలగానే సర్దుకుంటాయి. రంధ్రాలు ఒకచోట దగ్గరగా, ఇంకోచోట ఎడంగా ఉంటాయి. అట్టంతా ఒకే వరసలో గీతలుంటే అనుమానించండి.

ఇక మడత సంగతి. నాలుగో ఏడాది నవంబరు వానలు వెళ్లాక అట్ట తెరిస్తే, లోపలి తెల్లకాగితం మడత వెంబడి పై నుంచి రెండంగుళాలు చీలి ఉంది. నెల తిరక్కుండా చీలిక కింది దాకా వచ్చింది, ఆదికాండము మొదటి రేకు కదలడం మొదలైంది. కారణం విప్పి చూస్తేగానీ తెలియలేదు. తోలు కింద గట్టి అట్టముక్క ఉంది. పుస్తకం మొత్తాన్ని ఆ అట్టకు పట్టి ఉంచేది లోపలి కాగితం ఒక్కటే. ఆ కాగితమూ మొదటి ఫారానికి (ఫారం అంటే ఒకటిగా మడిచిన పేజీల కట్ట) అరసెంటీమీటరు జిగురుతో అంటించిందే, కుట్టింది కాదు. తెలుగు బైబిలు లావు ఎక్కువ. అట్ట పట్టుకుని ఎత్తిన ప్రతిసారీ ఆ బరువంతా కాగితం మడత మీద వేలాడుతుంది. దానికితోడు వేసవిలో స్కూటరు డిక్కీ. వెన్నుకు పూసిన వేడి జిగురు ఆ వేడికి మెత్తబడి, చల్లారి, మళ్లీ మెత్తబడి చివరకు పెళుసైపోయింది. గోటితో గీరితే పొరలుగా ఊడొచ్చింది.

సెల్లోటేపు మాత్రం వెయ్యకండి. కొంతకాలానికి పచ్చబడి, తీసేటప్పుడు పల్చటి కాగితాన్ని అక్షరాలతో సహా లాక్కుపోతుంది.

తిరుపతిలో యూనివర్సిటీ థీసిస్‌లు బైండు చేసే షాపుల్లో చేతి పనివాళ్లున్నారు, కానీ వాళ్ల అలవాటు పక్క కుట్టు, అంటే వెన్ను పక్కగా పేజీలన్నిటినీ కలిపి గుచ్చే కుట్టు. బైబిలుకు పక్క కుట్టు వేస్తే లోపలి మార్జిను మింగేస్తుంది, వాక్యం చివరి అక్షరాలు మడతలోకి పోతాయి. కాబట్టి ఇచ్చేముందే మూడు మాటలు చెప్పాలి. కుట్టు ఫారం మధ్యలోంచే పోవాలి. కటింగ్ మిషను దగ్గరకు పోకూడదు, పోతే బంగారు అంచు పోయినట్టే. జిగురు తెల్లటి ఫెవికాల్ రకమే, అదీ పల్చగా. ఆ పైన పాత జిగురు గీకించి, వెన్ను మీద మెత్తటి నూలుగుడ్డ రెండు వైపులా అంగుళం చొప్పున బయటికి వచ్చేలా అంటించి, ఆ రెక్కల్నే అట్టకు కలపాలి. మొదటి, చివరి ఫారాలకు మాత్రం మడతకు మూడు మిల్లీమీటర్ల దూరంలో పైకుట్టు వేయించాలి. కొత్త లోపలి కాగితానికి నార, అంటే కాగితంలో పీచు పోయే దిశ, వెన్ను వెంబడే ఉండాలి, అడ్డంగా ఉంటే తడికి అలలు లేస్తుంది. బరువు కింద ఒక రోజంతా ఆరనివ్వాలి.

కొత్తది కొనేవాళ్లు షాపులోనే చూడదగ్గవి కొన్ని. తల వైపు నుంచి వెన్ను చూడండి. ఫారాలు చిన్న చిన్న కమానుల్లా కనిపిస్తే కుట్టిందయ్యే అవకాశం ఎక్కువ, గీత గీసినట్టు చదునుగా ఉంటే కోసి జిగురు పూసింది. కీర్తనల దగ్గర కాదు, ఆదికాండము మొదటి అధ్యాయం తెరిచి బల్ల మీద పెట్టండి. నడిమధ్యన ఏ పుస్తకమైనా బాగానే తెరుచుకుంటుంది.

కాగితాన్ని కొన్న కొత్తలో తెగ మెచ్చుకున్నాను. పగటి వెలుగులో ఆ మాట ఇప్పటికీ నిజమే. సాయంత్రం ట్యూబులైటు కింద మాత్రం వెనక పేజీ తేలుతోంది. తెలుగులో ఇది ఇంగ్లీషు కన్నా ఎక్కువ ఇబ్బంది. రెండు వైపుల వరసలు ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే వెనక అక్షరం ముందు వరస కింద వత్తులా కనబడుతుంది. ‘నెబుకద్నెజరు’ లాంటి మాటలో నావత్తు ఏదో, నీడ ఏదో తేల్చుకోవడానికి ఒక క్షణం ఆగాల్సి వస్తుంది. కొనేముందు ఒక రేకు వెలుగుకు పట్టి చూస్తే ఇది తెలిసిపోతుంది. బంగారు అంచు కింద ఎరుపు వెయ్యడం బాగుంది, బొటనవేలు తగిలే చోట బంగారం అరిగినా తెల్లగా బయటపడలేదు. జిప్ కవరు మాత్రం తీసేశాను. లోహపు పళ్లు అంచును గీరుతున్నాయి, వానాకాలంలో తేమ లోపలే ఉండి అట్ట మీద తెల్ల బూజు కడుతోంది. బూజును పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెడితే చాలు. కొబ్బరినూనె రాస్తే మెరుస్తుంది కానీ నూనె కాగితం అంచుల్లోకి దిగుతుంది.

మళ్లీ ఇదే కొంటానా? నాది ఇంట్లో బల్ల మీద ఉండే చదువు, డిక్కీ ప్రయాణం మానేశాను, పెద్ద అక్షరం తప్పనిసరి. ఆ లెక్కన కొంటాను, కొన్న వారంలోనే గుడ్డ పట్టీ వేయిస్తాను. అట్టముక్క లేకుండా లోపలా తోలు లైనింగే వేసింది తెలుగులో చేతికి దొరికితే అటే మొగ్గుతాను. వారం వారం బండి మీద తిరిగేవాళ్లకు కుట్టు బైండింగు ఉన్న మామూలు రెక్సిను అట్టే మేలేమో. రిపేరుకు ఇప్పుడు నాలుగేళ్లు. మడత గట్టిగానే ఉంది, కానీ పైకుట్టు వల్ల ఆదికాండము మొదటి ముప్ఫై పేజీలు చెయ్యి ఆనిస్తేనే తెరిచి ఉంటాయి.