చిన్న పట్టణంలో పోలీస్ స్టేషన్: ఏ పని సాఫీ, ఏ పని సాగదీత

ఆంధ్ర, తెలంగాణ చిన్న పట్టణాల టౌన్ స్టేషన్లతో చాలాకాలంగా పనిపడుతున్నవాళ్లకు ఒక సంగతి ఇట్టే పట్టుబడుతుంది. జిల్లా ఆఫీసులోనో రాజధానిలోనో ఎవరో కంప్యూటర్లో గడువు చూస్తున్న పని చకచకా అయిపోతుంది. గడువు చట్టంలో ఉన్నా దాన్ని చూసే కన్ను లేని పని, మనం అడిగినప్పుడల్లా ఒక్క అడుగు కదులుతుంది. సిబ్బంది మంచివాళ్లా కాదా అన్నది ఆ తర్వాతి మాట.

ముందు బాగా నడిచేవి. 112కు మొహమాటం లేకుండా మంచి మార్కులు వేయొచ్చు. ఆ కాల్ స్టేషన్‌కు కాదు, కంట్రోల్ రూమ్‌కు పోతుంది. అక్కడ ఒక నంబరు పడి, దగ్గర్లో తిరుగుతున్న బ్లూ కోల్ట్స్ బండికో పెట్రోలింగ్ వాహనానికో చేరుతుంది. వచ్చినవాళ్లు ఏం చేశారో చెప్తేగానీ ఆ నంబరు మూతపడదు. తెలిసిన కానిస్టేబుల్ సెల్‌కు కొట్టడం కన్నా ఇదే మేలనడానికి కారణం అదే. బెడిసికొట్టేది చిరునామా దగ్గర. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవాళ్లకు మీ ఊరి పాత సంత వెనక సందు తెలీదు. జిల్లా, మండలం, పట్టణం వరసగా చెప్పి, ఆ తర్వాత వీధి, పక్కనున్న గుడో పెట్రోల్ బంకో చెప్పాలి. బండివాళ్లు దారి అడగడానికి తిరిగి ఫోన్ చేస్తారు. కొత్త నంబరని ఎత్తకపోతే వాళ్లు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతారు.

పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ కూడా బాగుపడ్డ సేవే. స్పెషల్ బ్రాంచ్ నుంచి వచ్చే మనిషి ట్యాబ్‌లోనో ఫోన్‌లోనో వివరాలు ఎక్కిస్తాడు కాబట్టి ఫైలు బీరువాలో నిద్రపోయే రోజులు పోయాయి. ఆధార్, పుట్టిన తేదీకి పదో తరగతి మెమో, చిరునామా రుజువు ఒరిజినల్స్‌తో పాటు జిరాక్సులూ సిద్ధంగా ఉంచాలి. ఎక్కువగా చిక్కుపడేది డోర్ నంబరు. మున్సిపాలిటీ కొత్త నంబర్లు వేస్తుంది, ఆధార్లో పాతదే ఉంటుంది, అప్లికేషన్లో మూడోది రాస్తారు. అద్దె ఇంట్లో ఉంటూ సొంతూరి చిరునామా ఇచ్చినవాళ్లకు ‘అక్కడ నివాసం లేడు’ అని రిపోర్టు పడుతుంది. దరఖాస్తుకు ముందే ఆధార్ సరిచేయించుకుంటే ఈ తలనొప్పి ఉండదు. పెండింగ్ కేసు ఉంటే దాచొద్దు, రికార్డులో ఎలాగూ కనిపిస్తుంది. ఇంటికొచ్చినవాళ్లకు ఇవ్వాల్సిన ఫీజంటూ ఏదీ లేదు, దారి ఖర్చులన్నా సరే.

ఫోన్ పోతే దాన్ని బ్లాక్ చేయించడానికి కేంద్ర టెలికం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని సీఈఐఆర్ విభాగం. ఈ పోర్టల్ 2023 మేలో దేశమంతటికీ వచ్చింది. కావలసినవి: స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు కాపీ, కొన్న బిల్లు, గుర్తింపు కార్డు, ఐఎంఈఐ (ఫోన్‌ను గుర్తించే నంబరు). రెండు సిమ్‌ల ఫోన్‌కు 15 అంకెల ఐఎంఈఐలు రెండుంటాయి, రెండూ ఎక్కించాలి. ఒక్కటే ఇస్తే రెండో స్లాట్లో ఫోన్ హాయిగా పనిచేస్తుంది. బిల్లు, డబ్బా రెండూ పారేసుకున్నవాళ్లే ఎక్కువ కాబట్టి, ఫోన్ చేతిలో ఉన్నప్పుడే *#06# కొట్టి ఆ నంబర్లు ఇంట్లో రాసిపెట్టుకోవాలి. ఓటీపీ కోసం డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక తొలి 24 గంటలు దానికి మెసేజ్‌లు రావు. పోర్టల్ పాడైందనుకుని కంగారుపడొద్దు, మర్నాడు ప్రయత్నిస్తే వస్తుంది. బ్లాక్ చేస్తే ఆచూకీ దొరకదన్న అనుమానం అక్కర్లేదు: ఎవరైనా అందులో వేరే సిమ్ వేస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. దొరికాక, బ్లాక్ చేసినప్పుడు వచ్చిన రిక్వెస్ట్ ఐడీతో అన్‌బ్లాక్ చేయించుకోకపోతే చేతికొచ్చిన ఫోన్‌కు సిగ్నల్ ఉండదు.

సైబర్ మోసానికి ఊరి స్టేషన్‌కు పరుగెత్తే ముందు సైబర్ హెల్ప్‌లైన్ 1930. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపాలి కాబట్టి ఇక్కడ నిమిషాలే లెక్క. ఖాతా నంబరు, తేదీ, సమయం, మొత్తం, యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబరు చేతిలో ఉంచుకుని చేయాలి. 1930కి చెప్పినంత మాత్రాన ఎఫ్ఐఆర్ అయినట్టు కాదు, అది విడిగా అడగాలి. బ్యాంకులో ఆగిన డబ్బు తిరిగి రావడానికి చాలా కేసుల్లో కోర్టు ఉత్తర్వో లోక్ అదాలత్ ఉత్తర్వో కావాల్సి రావచ్చు. ‘హోల్డ్ అయింది’ అన్న మెసేజ్ చూసి పని అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది.

ఇక సాగదీత వైపు. ఎఫ్ఐఆర్. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ చదివితే సేవ అద్భుతం అనిపిస్తుంది. నోటితో చెప్పొచ్చు, రాసివ్వొచ్చు, ఎలక్ట్రానిక్‌గా పంపొచ్చు. అలా పంపితే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా తీసుకోవాలి. కాపీ ఉచితం. కౌంటర్ దగ్గర జరిగేది వేరు. ‘పిటిషన్ ఇచ్చి వెళ్లండి, ఎంక్వైరీ చేస్తాం’ అంటారు. ఆ ఎంక్వైరీకీ హద్దుంది: 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో, 14 రోజుల్లో ముగించాలి. రసీదు లేని పిటిషన్ ఏ రోజున మొదలైందో ఎవరికీ తెలీదు, ఇక 14 రోజులు లెక్కపెట్టేదెవరు?

కాబట్టి పిటిషన్ రెండు ప్రతులు. ఒకదాని మీద స్టేషన్ ముద్ర, తేదీ, తీసుకున్నవాళ్ల సంతకం వేయించుకోవాలి. ముద్ర వేయడానికి రిసెప్షన్లో తటపటాయిస్తే స్టేషన్ రైటర్ని అడగాలి, స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో ఎంట్రీ వేసేది ఆయనే, ఫైళ్లు ఎక్కడున్నాయో తెలిసేదీ ఆయనకే. రాతలో ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఏం పోయింది, దాని విలువెంత అన్నవే ఉండాలి. కోపం, పాత కక్షలు, తిట్లు రెండో కాగితానికి దాటితే అసలు సంగతి చదివేవాడుండడు. ఫిర్యాదుకు ఆలస్యమైతే కారణం ఒక వాక్యంలో రాయాలి. తర్వాత బీమా కంపెనీ వేలు పెట్టేది ఆ ఖాళీ మీదే.

వస్తువు విలువ దగ్గర చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. పోయినదాని విలువ 5,000 రూపాయల లోపైతే, కొత్త చట్టం ప్రకారం ఆ చిన్న దొంగతనం మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా దర్యాప్తు చేసే నేరాల్లో లేదు. అలాంటప్పుడు స్టేషన్ పుస్తకంలో సారాంశం రాసుకుని మిమ్మల్ని మెజిస్ట్రేట్ దగ్గరికి పంపడం తప్పించుకోవడం కాదు, నిబంధనే. బిల్లుంటే జతచేయండి. పాత సైకిల్‌కు ఉజ్జాయింపుగా ఏదో అంకె వేసి ఇచ్చేయకండి.

చిన్న పట్టణాలకే ప్రత్యేకమైన జబ్బు టౌన్, రూరల్ స్టేషన్ల హద్దు. బైపాస్ మీద జరిగిందంటే ఇద్దరూ అవతలివాళ్లని చూపిస్తారు. పరిధి చూడకుండా కట్టి అసలు స్టేషన్‌కు పంపేదే జీరో ఎఫ్ఐఆర్. ‘జీరో ఎఫ్ఐఆర్ చేసి పంపండి’ అని ఆ మాట పేరుతో సహా అడిగితే సగం వాదన అక్కడే తెగుతుంది. ఎఫ్ఐఆర్ అయ్యాక పేరు, తేదీ, సమయం, సెక్షన్లు అక్కడికక్కడే సరిచూసుకోవాలి. 2016లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌ను సాధారణంగా 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలి. అక్కడా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఆ తర్వాత దర్యాప్తు సంగతి చెప్పడంలో సేవ బాగా బలహీనం. 90 రోజుల్లోగా పురోగతి తెలపాలని 193వ సెక్షన్ అంటుంది. అడగకుండా చెప్పిన స్టేషన్ అరుదు. దర్యాప్తు అధికారి పేరు, నంబరు మొదటిరోజే రాసుకోవాలి, ఎందుకంటే బదిలీ అయితే ఫైలు కొత్తవాళ్ల చేతికి వెళ్లి మళ్లీ మొదటికొస్తుంది. జాతర, ఎన్నికలు, మంత్రుల పర్యటన ఉన్న వారంలో తిరగడం దండగ. అందరూ బందోబస్తులో ఉంటారు.

యాక్సిడెంట్ కేసుల్లో కాగితాలు మెరుగయ్యాయి. 2022 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం తొలి ప్రమాద నివేదిక 48 గంటల్లో, వివరమైనది 90 రోజుల్లో, పరిహారం తేల్చే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు చేరాలి. స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి వానకు తడిసే బండ్ల వరస మాత్రం అలాగే ఉంది. మోటారు వాహనాల చట్టం 136వ సెక్షన్ తనిఖీకి తీసుకున్న బండిని 24 గంటల్లో తిరిగివ్వాలంటుంది. కేసులో సీజ్ చేస్తే కోర్టులో పిటిషన్ వేసి పూచీకత్తు మీద విడిపించుకోవాలి. అది స్టేషన్లో బతిమాలితే అయ్యే పని కాదు.

స్టేషన్‌కు తీసుకెళ్లకూడని పనులూ ఉన్నాయి. చెక్ బౌన్స్ నేరుగా కోర్టు వ్యవహారం: బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపకపోతే దారి మూసుకుపోతుంది, ఆ రోజుల్ని స్టేషన్ చుట్టూ తిరిగి పోగొట్టుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది. గట్టు తగాదా, అప్పు పత్రం సివిల్ కోర్టువి. స్టేషన్లో కూర్చోబెట్టి రాయించే రాజీ కాగితానికి కోర్టు డిక్రీ బలం ఉండదు. ఇరుగుపొరుగు గొడవ కొట్లాటకు దారితీసేలా ఉంటే మాత్రం బైండోవర్ అడగొచ్చు. నాగరిక్ సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద తహసీల్దారు ముందు బాండు రాయించడం మాటలతో చెప్పే పది మందలింపుల కన్నా బాగా పనిచేస్తుంది.

ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లల్ని, 60 దాటినవాళ్లను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. ఫోన్ చేసి ‘ఒకసారి వచ్చి వెళ్లండి’ అంటే 179వ సెక్షన్ పేరు చెప్పి రాతపూర్వక నోటీసు అడగొచ్చు.

ఎఫ్ఐఆర్ కట్టకపోతే వరస ఇది. ఫిర్యాదు సారాంశాన్ని ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపాలి. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో కూడా ఇచ్చి నంబరు తీసుకోవాలి. ఆ నంబరు మీద పైనుంచి గడువు పడుతుంది కాబట్టి స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. వచ్చినప్పుడు ‘సమస్య పరిష్కారమైంది’ అన్న కాగితం మీద సంతకం అడుగుతారు, పని కాకుండా పెట్టొద్దు. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేట్ దగ్గర అదే సంహిత 175(3) సెక్షన్ కింద దరఖాస్తు, అఫిడవిట్‌తో సహా. ఎస్పీకి పంపిన పోస్టు రసీదు దానికి జతచేయాలి, అది లేకపోతే ముందు అక్కడికి వెళ్లి రండంటారు.