శుక్లం ఆపరేషన్: ఏ పద్ధతి, ఏ లెన్స్ మేలు?

చెన్నైలో ఏ కంటి ఆసుపత్రికి వెళ్లినా శుక్లం ముదిరిందని డాక్టర్ చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. అసలు టెన్షన్ పక్క గదిలో మొదలవుతుంది. అక్కడ కౌన్సెలర్ లామినేషన్ చేసిన కాగితం ఒకటి ముందు పెడుతుంది. ఎడమవైపు లెన్సుల పేర్లు, కుడివైపు రేట్లు, కిందికి వచ్చేకొద్దీ పెరుగుతూ. సూళ్లూరుపేట నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చిన పెద్దాయనకు ఆ అక్షరాలు కనపడవు. కనపడితే అసలు వచ్చేవాడే కాదు. "ఏది మంచిదైతే అదే వెయ్యండమ్మా" అంటాడు. నాన్న విషయంలో పిసినారితనం చేశాడంటారేమోనని కొడుకు చివరి వరుస మీద వేలు పెడతాడు.

ఆ చివరి వరుస చాలామందికి అక్కర్లేదని నా అభిప్రాయం.

ముందు కోత సంగతి. ఇప్పుడు ఎక్కువగా చేసేది ఫేకో. రెండు, మూడు మిల్లీమీటర్ల మధ్య కోత పెట్టి, మసకబారిన లెన్సును అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేస్తారు. మడిచిన కొత్త లెన్సు లోపలికెళ్లి విచ్చుకుంటుంది. ఎస్ఐసీఎస్ అనే రెండో పద్ధతిలో కోత 6, 7 మిల్లీమీటర్లు ఉంటుంది. అయినా సాధారణంగా కుట్లు వేయాల్సిన పని రాదు. ఉచిత శిబిరాల్లో ఎక్కువగా ఇదే చేస్తారు కాబట్టి నాసిరకం అనుకుంటారు గానీ, గోధుమరంగుకు తిరిగి బాగా గట్టిపడిన శుక్లానికి చెయ్యి తిరిగిన సర్జన్లు దీన్నే ఎంచుకుంటారు. మామూలు శుక్లమైతే నా ఓటు ఫేకోకే: త్వరగా మానుతుంది, కోత వల్ల వచ్చే సిలిండర్ పవర్ (కార్నియా, అంటే కంటి ముందరి పారదర్శక పొర, వంపు అన్నివైపులా సమానంగా లేక వచ్చే దోషం) తక్కువ.

ఇక ఫెమ్టో లేజర్. కోత పెట్టేదీ, లెన్సును ముక్కలు చేసేదీ లేజరే, కానీ ఆ ముక్కల్ని బయటికి తీయడానికి మళ్లీ ఫేకో యంత్రమే కావాలి. ఫ్రాన్స్, బ్రిటన్‌లలో జరిగిన పెద్ద ట్రయల్స్‌లో దీనివల్ల మామూలు ఫేకో కంటే చూపు మెరుగ్గా వస్తుందని తేలలేదు. దానికి పెట్టే డబ్బు దాచుకోండి.

శుక్లం బాగా పండేదాకా ఆగాలన్నది పాతకాలం మాట. ముదిరేకొద్దీ ఆపరేషనే కష్టమవుతుంది. చుక్కల మందుతో కరిగిస్తామనే వాళ్ల జోలికి అసలు పోకండి.

లెన్సుల దగ్గర ఇండియనా, ఇంపోర్టెడా అని తల బద్దలు కొట్టుకుంటారు. మదురైలో ఆరోల్యాబ్ 1992లో లెన్సుల తయారీ మొదలుపెట్టాక మన దగ్గర ధరలు సామాన్యుడికి అందాయి. ఆ లెన్సులు ఎన్నో దేశాలకు వెళ్తున్నాయి. కాబట్టి తేల్చుకోవాల్సింది మోనోఫోకలా, మల్టీఫోకలా అన్నది.

మోనోఫోకల్‌లో ఒకే దూరం స్పష్టంగా కనిపిస్తుంది, మామూలుగా దూరపు చూపే పెడతారు. పేపర్ చదవాలంటే చత్వారం అద్దాలు కావాలి. మల్టీఫోకల్ లోపలికొచ్చే వెలుతురును దగ్గరికి కొంత, దూరానికి కొంత పంచుతుంది. అద్దాల అవసరం చాలావరకు పోతుంది. పంచినందుకు మూల్యం కూడా ఉంటుంది: మసక వెలుతురులో స్పష్టత తగ్గుతుంది, రాత్రిపూట మౌంట్ రోడ్డులో ఎదురొచ్చే ప్రతి లైటు చుట్టూ వలయం కనిపిస్తుంది. చాలామందికి కొన్ని నెలల్లో అలవాటైపోతుంది. కొందరికి అలవాటు కాదు.

రాత్రిళ్లు రెడ్‌హిల్స్ మీదుగా నాయుడుపేటకు లారీ తోలే మనిషికి మల్టీఫోకల్ నేనైతే వద్దంటాను. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నవాళ్లకు, నీటికాసులు ముదిరినవాళ్లకు డాక్టర్లే సాధారణంగా వద్దంటారు. పెరంబూరులో మా పెద్దమ్మ మోనోఫోకలే వేయించుకుంది. "జోడు లేకపోతే మొహం బోసిగా ఉంటుందిరా" అని ఆమె బాధ. రోజంతా జాకెట్లు కుట్టే దర్జీ అయితే మోనోఫోకల్‌నే దగ్గరి చూపుకు పెట్టమని అడగొచ్చు, దూరానికి అద్దాలు పెట్టుకుంటాడు. కళ్లు మిగతా అన్నివిధాలా బాగుండి, అద్దాలంటేనే విసుగుపుట్టి, రాత్రి బండి పెద్దగా నడపనివాళ్లకు మల్టీఫోకల్ బాగానే సరిపోతుంది. మధ్యేమార్గంగా ఈడాఫ్ అనే లెన్స్ ఉంది: దూరం, కంప్యూటర్ తెర, వంటింటి గట్టు బాగా కనిపిస్తాయి, మందు సీసా మీది సన్న అక్షరాలకు మాత్రం అద్దాలు కావాల్సి రావచ్చు.

కాస్త ఎక్కువ పెట్టదగ్గది ఏదైనా ఉంటే అది సిలిండర్ పవర్‌ను కూడా సరిచేసే టోరిక్ లెన్స్. కార్నియా వంపులో సిలిండర్ సుమారు 1 డయాప్టర్ (లెన్స్ పవర్‌ను కొలిచే యూనిట్) దాటినవాళ్లు దీని గురించి తప్పకుండా అడగాలి. ఇది సరైన కోణంలో కూర్చోవాలి. 30 డిగ్రీలు తిరిగితే పెట్టీ ప్రయోజనం లేదు.

ఏ లెన్సయినా కొలత తప్పితే దండగే. కంటి పొడవులో 1 మిల్లీమీటరు తేడా వస్తే పవర్ రెండున్నర, మూడు డయాప్టర్ల దాకా తప్పుతుంది. ఎప్పుడో లాసిక్ (అద్దాలు పోవడానికి చేసే లేజర్ ఆపరేషన్) చేయించుకుని ఉంటే కొలతలకు ముందే చెప్పాలి. ప్రొస్టేట్‌కు టామ్సులోసిన్ వాడే మగవాళ్లు ఆ సంగతి దాచకూడదు. దానివల్ల ఆపరేషన్‌లో కంటిపాప సరిగ్గా విచ్చుకోదు, సర్జన్‌కు ముందే తెలిస్తే జాగ్రత్తపడతాడు. సొంతంగా మందు ఆపేయొద్దు.

డబ్బుకు ఇబ్బంది అయితే ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. 1819లో మొదలైంది, ప్రపంచంలోని పాత కంటి ఆసుపత్రుల్లో ఒకటి. క్యూలో ఓపిక కావాలి, అంతే. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు పాలసీ తీసి చూసుకోండి. చాలా పాలసీల్లో శుక్లానికి 2 ఏళ్ల వెయిటింగ్, కంటికి ఇంత అని పరిమితి ఉంటాయి.

మొదటి కంట్లో మల్టీఫోకల్ పెట్టించుకున్నాక రాత్రి వలయాలు ఇబ్బంది పెడుతుంటే, రెండో కంటికి తేదీ ఖాయం చేసేలోపే సర్జన్‌కు చెప్పండి. ఆ కంటికి ఏ లెన్స్ వేయాలో మళ్లీ ఆలోచించే వీలు అప్పుడే ఉంటుంది.