నాలుగు ప్రశ్నల ధర పరీక్ష: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మగ్గం వర్క్ నేర్పే వీడియో కోర్సులు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. కొత్త కోర్సు వదిలే ముందు ధర ఎంత పెట్టాలన్నదే అసలు టెన్షన్. అందుకు కొన్నేళ్లుగా వాడుతున్నది డచ్ ఆర్థికవేత్త పీటర్ వాన్ వెస్టెండార్ప్ 1976లో చెప్పిన పద్ధతి. గూగుల్ ఫారం ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు.

"ఎంతైతే కొంటారు?" అని సూటిగా అడిగితే మనవాళ్లు అక్కడే బేరం మొదలుపెడతారు. ఇందులో అలా అడగం. ఎంతకిస్తే మరీ చవకగా ఉండి నాణ్యత మీద అనుమానం వస్తుంది? ఎంతకి వస్తే మంచి బేరం? ఎంతైతే ఖరీదే అనిపించినా ఆలోచిస్తారు? ఎంత దాటితే ఇక వద్దంటారు? ఈ నాలుగే. జవాబులను షీట్‌లో వేసి, ఒక్కో ధరకి ఎంతమంది మరీ చవక అంటారో, ఎంతమంది మరీ ఖరీదు అంటారో గీతలు గీస్తే అవి రెండూ ఒకచోట కలుస్తాయి. ఆ ధర దగ్గర ఈ రెండు కారణాలతో వెనక్కి తగ్గేవాళ్లు సమానంగా ఉంటారన్నమాట. మిగతా రెండు ప్రశ్నల గీతలు కూడా కలిపి చూస్తే, జనం ఒప్పుకునే ధరకి కింది హద్దు, పై హద్దు తెలుస్తాయి.

నాకు బాగా పనికొచ్చింది మొదటి ప్రశ్న. ఒక అక్క అందులో 199 అని రాసి, కింద "ఈ రేటుకైతే యూట్యూబ్‌లో ఉన్నదే మళ్లీ అమ్ముతున్నారనుకుంటా" అని చేర్చింది. ధర తగ్గించేకొద్దీ కొనేవాళ్లు పెరుగుతారనుకునే ప్రతి ఒక్కరూ చదవాల్సిన మాట అది.

ఫారం పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకుంటాను. ముందు ఒక శాంపిల్ వీడియో చూపిస్తాను. జర్దోసీ కుట్టును దగ్గరగా చూసినవాళ్లు చెప్పే ధర వేరు, పేరు మాత్రం విన్నవాళ్లు చెప్పే ధర వేరు. ఇక అమెరికాలో ఉన్న మనవాళ్ల జవాబులు విడిగా పెడతాను. వాళ్లు డాలర్లలో ఆలోచిస్తారు, ఆ జవాబులు ఇక్కడి లెక్కలో కలిపితే గీతను పక్కకి లాగేస్తాయి. జీఎస్టీ కట్టేవాళ్లైతే, చెప్పే ధర పన్నుతో కలిపా కాదా అన్నది ఫారంలోనే రాయాలి. 18 శాతం అంటే చిన్న తేడా కాదు.

లోపం కూడా పెద్దదే. ఫారంలో రాయడానికి డబ్బు అక్కర్లేదు, ఫోన్‌పేలో పిన్ కొట్టడానికి కావాలి. అందుకే వచ్చిన హద్దుల మధ్య రెండు ధరలు ఎంచుకుని, ఒక బ్యాచ్‌కి ఒకటి, తర్వాతి బ్యాచ్‌కి ఇంకొకటి పెట్టి ముందస్తు బుకింగ్ తీసుకుంటాను. ఎన్ని సీట్లు నిండాయన్నదే కాదు, సీట్లను ధరతో గుణించి ఎంత వచ్చిందో చూస్తాను. ఒకే రోజు ఒకరికి ఒక ధర, ఇంకొకరికి వేరే ధర మాత్రం చూపించను. 2000లో అమెజాన్ డీవీడీల మీద అలా చేసి, కొన్నవాళ్ల కోపం చూశాక ఎక్కువ కట్టినవాళ్లకు తేడా తిరిగి ఇచ్చింది. మన దగ్గర వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ తిరగడానికి గంట కూడా పట్టదు.

వంట, కుట్టు, ట్యూషన్ లాంటివాటికి ఈ పద్ధతి కళ్లు మూసుకుని వాడొచ్చు, బయట రేటెంతో జనానికి తెలుసు కాబట్టి. ఎవరూ ఎప్పుడూ చూడని వస్తువైతే ఫారం పక్కన పెట్టి నేరుగా బుకింగ్‌తోనే మొదలుపెట్టండి.