34 పళ్ల గేరు: చాలాకాలం వాడాక

కొండ ఎక్కే సైకిల్ పోటీల్లోకి కొత్తగా వచ్చేవాళ్లు చక్రాల గురించి, కార్బన్ ఫ్రేముల గురించి అడుగుతారు. వెనక క్యాసెట్‌లో, అంటే వెనక చక్రానికి బిగించే పళ్ల చక్రాల గుత్తిలో, చివరి చక్రానికి ఎన్ని పళ్లున్నాయని అడిగినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. నన్ను కొండ మీద దిగకుండా నిలబెట్టింది మాత్రం ఆ పళ్లే. షిమానో 105 ఆర్7000 గేర్ల సెట్టుతో వచ్చిన 11-28 క్యాసెట్ (అతి చిన్న చక్రానికి 11 పళ్లు, అతి పెద్దదానికి 28) తీసేసి 11-34 వేయించుకున్నాను. సైకిల్ మీద నేను పెట్టిన ఖర్చుల్లో దీనికి సాటి మరొకటి లేదు. తర్వాత కొన్ని సవరణలు చెబుతాను గానీ, ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మాది విజయవాడ. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి మీదుగా కరకట్ట ఎక్కితే అమరావతి దాకా కాళ్లకు ఒకే పని, ఒకే లయ. ఎదురుగాలి తప్ప వేరే పరీక్ష లేదు. ఎత్తు కావాలంటే కొండపల్లి ఖిల్లాకు వెళ్లే దారి పట్టాలి. అది మొదలైనంత త్వరగా అయిపోతుంది. ఇలా సాధన చేసి అనంతగిరి ఘాట్‌లో మొదటి కొండ పోటీకి దిగాను. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలైన కాసేపటికే 28 పళ్ల గేరు అయిపోయింది. దాని తర్వాత మీటకు అందే గేరు ఇంకేమీ లేదు. ఊపిరి బాగానే ఆడుతోంది, గుండె అదుపులోనే ఉంది, కానీ మోకాళ్లు మొరాయించాయి. ప్రతి తొక్కుడూ మెట్టు ఎక్కినట్టే.

దీని లెక్క సులువు. ముందు పెడళ్ల దగ్గరి చక్రానికి 34 పళ్లు, వెనక 28 ఉంటే గంటకు 9 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 59 చుట్లు తొక్కాలి. వెనక 34 ఉంటే అదే వేగానికి 71 చుట్లు. చేసే పని మారదు, ఒక్కో తొక్కుడులో పాదం మీద పడే బలం మాత్రం 18 శాతం దాకా తగ్గుతుంది. ఎనిమిది శాతం వాలులో 78 కిలోల మనిషికి ఆ 18 శాతమే మోకాలు మిగలడానికీ మిగలకపోవడానికీ తేడా. చుట్లు పెరిగితే శ్రమ కండరాల నుంచి ఊపిరి మీదకు మళ్లుతుంది. కరకట్ట మీద ఏళ్లుగా నేను పెంచుకున్నది ఊపిరే కాబట్టి నాకది కలిసొచ్చింది.

ఈ మార్పు చేయిస్తానంటే ఉదయం కలిసి తొక్కే మిత్రుల్లో కొందరు పెదవి విరిచారు. తేలిక గేరు అలవాటైతే కాళ్లలో బలం రాదన్నారు. నాకు నిజంగానే కోపం వచ్చింది. చైనును ఒక పళ్ల చక్రం మీంచి మరోదాని మీదకు మార్చే డిరైల్యూర్‌ను టూర్ డి ఫ్రాన్స్‌లో అనుమతించింది 1937లో. అంతకుముందు రేసర్లు కొండ మొదట్లో ఆగి, వెనక చక్రం విప్పి తిరగేసి బిగించి, ఎక్కువ పళ్లున్న వైపుకు చైను మార్చుకుని ఎక్కేవారు. తేలిక గేరు కోసం పోటీ మధ్యలో బండి దిగిన ఆ మనుషుల కాళ్లలో బలం లేదని ఎవరైనా అనగలరా?

క్యాసెట్ ఒక్కటే కొంటే పని అయిపోదు. ఆర్7000లో పొట్టి కేజ్ (చైనును బిగువుగా పట్టే కింది చట్రం) ఉన్న డిరైల్యూర్ 30 పళ్ల దాకానే పనికొస్తుంది. 34 కావాలంటే మీడియం కేజ్ తీసుకోవాలి, చైను కూడా పొడవు పెరగాలి. వెనక చక్రం మధ్య ఉండేది 11 స్పీడ్ రోడ్డు హబ్ అయితే క్యాసెట్ వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసర్, అంటే సందు నింపే రింగు, పడాలి. మా ఊళ్లో ఒక దుకాణంలో ఇవన్నీ చేయించాను. స్పేసర్ వేశారు, చైను సరిగ్గా కోశారు. ఒక్క పని మాత్రం చేతి అంచనాతో కానిచ్చేశారు.

అది బయటపడింది కొండవీడు దారిలో. గుంటూరు నుంచి ఫిరంగిపురం మీదుగా కోట కొండ పైవరకు, తెలిసినవాళ్లంతా కలిసి పెట్టుకున్న పోటీ అది. మిర్చి కోతల కాలం. రోడ్డు పక్క కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతు మండేది. చదును మీద గుంపుతోనే ఉండగలిగాను. ఘాట్‌లో రెండు మలుపులు తిరిగాక 27 నుంచి 30కి మార్చగానే వెనక నుంచి కటకటమని చప్పుడు. చైను 30 ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. తొక్కుతున్న కాలు ఒక్కసారిగా ఖాళీలోకి జారింది. హ్యాండిల్ అదిరి పక్కకు పోయింది. వెనక వస్తున్న కుర్రాడు తప్పించుకుని, "అన్నా, చైనా?" అని అరుస్తూ ముందుకు వెళ్లిపోయాడు.

దిగి క్యాసెట్ పట్టుకుని ఊపితే వేళ్లకే తెలిసింది. క్యాసెట్‌ను హబ్‌కు బిగించి ఉంచే లాక్‌రింగ్ వదులైపోయింది. దాన్ని 40 న్యూటన్ మీటర్లకు బిగించాలని దాని మీదే చెక్కి ఉంటుంది. టార్క్ రెంచ్ పెట్టకుండా బిగించడంతో వారాల తరబడి కొంచెం కొంచెంగా విడిపోతూ వచ్చింది. కరకట్ట మీద బలం తక్కువ కాబట్టి ఆ కదలిక తెలియలేదు. దాని పనిముట్టు ఎవరి జేబులోనూ ఉండదు. చిన్న చక్రాలు విడివిడిగా ఆడుతున్నాయి, ఏ గేరులో పెట్టినా చైను ఎగురుతోంది. కానీ చివరి పెద్ద చక్రాలు ఒక్కటిగా కలిపి బిగించి ఉంటాయి. చైనును 34 మీదకు ఎక్కించి వదిలేశాను. డిరైల్యూర్ లోపలికి జరగకుండా లిమిట్ స్క్రూ ఆపింది. చైను అక్కడే నిలిచింది.

మిగిలిన ఘాట్ అంతా ఆ ఒక్క గేరుతో ఎక్కాను. వాలు తగ్గిన చోట కాళ్లు గాలిలో తిరిగినట్టు తిరిగాయి. వాలు నిటారైన చోట, లేచి నిలబడి తొక్కుతున్న ఇద్దరిని కూర్చునే దాటాను. గేరు మార్చే ఆలోచనే లేకపోవడంతో లయ ఒక్కటే మిగిలింది. అంత ప్రశాంతంగా ఏ కొండా ఎక్కలేదు. పైన కోట గోడలు కనిపించేసరికి దుకాణం మీద ఉన్న కోపం సగం చల్లారింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది. ఘాట్ దిగేటప్పుడు ఆ లాక్‌రింగ్ పూర్తిగా ఊడి ఉంటే మాట వేరేగా ఉండేది. ఇంటికొచ్చాక లాక్‌రింగ్ టూల్ కొని స్వయంగా బిగించుకున్నాను. విప్పేటప్పుడు క్యాసెట్ తిరగకుండా పట్టే చైన్ విప్ బిగించడానికి అక్కర్లేదు. కొత్త క్యాసెట్ వేయించుకున్నవాళ్లు నెల తర్వాత ఒకసారి వేళ్లతో ఊపి చూసుకోవాలి.

ఇక సవరణలు. ఈ ఒక్కటి మార్చుకుంటే చాలని చాలామందికి చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. 11-34లో 16 పళ్ల చక్రం లేదని ఫిర్యాదు చేస్తుంటారు. 16 అన్నది 11-28లోనూ లేదు. నిజంగా పోయేవి 12, 14. ముందు 50 పళ్లతో, నిమిషానికి 90 చుట్లతో, 14 మీద వేగం గంటకు 40 దాటుతుంది. అదే చుట్లతో 15 మీద 38 దగ్గర ఆగిపోతాం, 13 మీద దాదాపు 44కు పోతుంది. గుంపు 40, 41లో నడిచినప్పుడు నాకు సరిపోయే గేరు ఉండదు. అయితే ఎక్కువ చుట్లు, లేదా ఎక్కువ బరువు. ఫిరంగిపురం దాకా ఆ గుంపులో నేను ఖర్చు చేసిన బలంలో కొంత దీని ఖాతాలోదే.

నా బరువు, నలభై దాటిన మోకాళ్లు, చదును ఊరి సాధన కలిసిన చోట ఈ క్యాసెట్‌కు తిరుగులేదు. అరవై కిలోలలోపు ఉన్న కుర్రాళ్లు కొండవీడు లాంటి చోట 28తోనే నన్ను దాటిపోయారు, వాళ్లకు ఇది అవసరమని చెప్పలేను. మీడియం కేజ్ 28 పళ్ల క్యాసెట్‌ను కూడా మోస్తుంది కాబట్టి పాతది దాచుకున్నాను. కరకట్ట మీద వేగం పోటీ ఉంటే అది వేస్తాను. అనంతగిరికి మళ్లీ వెళ్లేటప్పుడు మాత్రం వెనక 34 ఉంటుంది, లాక్‌రింగ్ నా చేత్తో బిగించి ఉంటుంది.