ఒక్కరి పడవా, ఇద్దరి పడవా? చెన్నైలో సెయిలింగ్ మొదలుపెట్టేవాళ్ళకి ఏది మేలు

ఈ రెండు నెలల్లో ఇదే ప్రశ్న ఓ పదిమంది అడిగుంటారు, అందులో సగానికి పైగా వేళచ్చేరి, పెరుంగుడి వైపు ఉండే మన తెలుగు ఐటీ జనమే. "అన్నా, హార్బర్‌లో సెయిలింగ్ నేర్చుకుందామనుకుంటున్నా, ఇద్దరు కూర్చునే పడవతో మొదలుపెట్టనా, లేక డైరెక్ట్‌గా లేజర్ ఎక్కేయనా?" అని. నెల్లూరు నుంచి ఉద్యోగానికి వచ్చిన మా పిన్ని కూతురు కూడా ఇదే అడిగింది, తనకి నేను లేజరే చెప్పాను, తను అదే ఎక్కింది. ఎందుకలా చెప్పానో ఇక్కడ వివరంగా రాసేస్తున్నా.

సెయిలింగ్ అంటే గాలితో తెరచాప పడవ నడపడం. లేజర్ అంటే ఒక్కరే నడిపే, ఒకే తెరచాప ఉండే చిన్న పడవ, నేను చెప్పే ఇద్దరి పడవకి తెరచాపలు రెండుంటాయి. లేజర్‌ని 2019 నుంచి అధికారికంగా ఇల్కా అంటున్నారు గానీ ఒడ్డున మాత్రం ఇంకా అందరం లేజర్ అనే పిలుస్తాం.

ముందు ఇద్దరి పడవ గురించి న్యాయంగా చెప్పాలి, ఎందుకంటే నేను మొదలుపెట్టింది అందులోనే. భయం త్వరగా పోతుంది. పక్కనే కోచ్ ఉంటాడు, పడవ వెడల్పుగా బరువుగా ఉంటుంది, జీపీ14 లాంటిదైతే ఖాళీ పడవే 130 కిలోలు దాటుతుంది, కాబట్టి మనం ఇటు జరిగినా అటు జరిగినా పెద్దగా ఊగదు. ఎండలో అలసిపోతే పని ఇంకొకరికి ఇచ్చి కాసేపు ఊరికే కూర్చోవచ్చు. ముందుండే చిన్న తెరచాప, అదే జిబ్, దాని పని కూడా వస్తుంది, లేజర్‌లో ఒకటే తెరచాప కాబట్టి ఆ పని నేర్చుకునే వీలే లేదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి, యాభై దాటినవాళ్ళకి, నీళ్ళంటే ఇంకా బెరుకున్నవాళ్ళకి నేను ఇప్పటికీ ఇద్దరి పడవే చెప్తాను, లేజర్‌లో బూమ్, అదే తెరచాప కింది అంచున ఉండే అడ్డకర్ర, మరీ కిందికి ఉంటుంది, దాని కింద నుంచి ప్రతిసారీ బాగా వంగి దూరి అటువైపుకి మారాలి. భార్యాభర్తలు కలిసి నేర్చుకుంటామంటే కూడా అదే మంచిది.

కానీ నాకు జరిగింది వినండి. ఐదు వారాలు శనివారాలు ఆదివారాలు ఆ పడవలో ముందు కూర్చుని జిబ్ లాగాను, కొన్నిసార్లు వెనక టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) కూడా పట్టుకున్నాను, కోచ్ "ట్యాక్" (గాలి వచ్చే దిక్కు మీదుగా పడవ ముక్కుని అటువైపు తిప్పడం) అంటే వంగి అటు మారేవాణ్ణి, "లాగు" అంటే తాడు లాగేవాణ్ణి, "వదులు" అంటే వదిలేవాణ్ణి. నాకు వచ్చేసిందనే నమ్మాను. ఆరో వారం చిన్న తెరచాప కట్టిన లేజర్ ఇచ్చి వెళ్ళమన్నారు. ఒడ్డు నుంచి కొంచెం దూరం పోయానో లేదో తెరచాప టపటపా కొట్టుకోవడం మొదలైంది, పడవ ఆగిపోయింది, తర్వాత నెమ్మదిగా వెనక్కి, రాళ్ళకట్ట వైపు జరగడం మొదలుపెట్టింది. నేనేమో తాడుని ఇంకా ఇంకా గట్టిగా లాగుతున్నా. అసలు విషయం ఏంటంటే పడవ ముక్కుని నేరుగా గాలికి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నా, అలా పెడితే ఏ తెరచాప పడవా కదలదు. ఐదు వారాల్లో గాలి ఎటు నుంచి వస్తోందని నేను ఒక్కసారి కూడా నా అంతట నేను చూసుకోలేదు, చూడాల్సిన అవసరమే రాలేదు, చెప్పేవాళ్ళు పక్కన ఉన్నారు కాబట్టి.

నా లెక్కలో తేడా అంతా ఇక్కడే ఉంది. సెయిలింగ్‌లో ముడులు, పేర్లు, రూల్స్ అన్నీ తర్వాత ఎలాగూ వస్తాయి, గాలి ఎటుందో ఒంటికి తెలియడం ఒక్కటే ఎవరూ నేర్పలేనిది, ఒంటరిగా కూర్చుంటేనే అది వస్తుంది. గాలి వచ్చే దిక్కుకి అటూ ఇటూ సుమారు 45 డిగ్రీల్లోపు పడవ పోదు, అటు వెళ్ళాలంటే వంకర్లు తిరుగుతూ పోవాలి, ఇది పుస్తకంలో చదివితే రెండు నిమిషాల పని, నీళ్ళ మీద మాత్రం ఆ గీత ఎక్కడుందో ప్రతి నిమిషం కొత్తగా వెతుక్కోవాలి, ఎందుకంటే గాలి ఒకే చోట నిలబడదు. చెవి వెనక చల్లదనం, మెడ మీద తగిలేది, నీటి మీద ముదురు రంగులో జరిగొచ్చే అలల పట్టీ, ఓడల మీద జెండాలు, కట్ట మీద వాలిన పక్షులు (అవి గాలికి ఎదురుగానే కూర్చుంటాయి, గమనించండి), ఇవన్నీ చూడటం అలవాటవ్వాలి.

లేజర్‌లో ఈ అలవాటు ఎందుకు త్వరగా వస్తుందంటే పడవ బరువు 59 కిలోలే, మనలో చాలామంది పడవ కన్నా ఎక్కువే ఉంటాం. కాబట్టి మనం ఒక జానెడు వెనక్కి జరిగినా దానికి తెలుస్తుంది. ఒక చేతిలో టిల్లర్, ఇంకో చేతిలో తెరచాప తాడు, తప్పు చేస్తే రెండు సెకన్లలో జవాబు వస్తుంది, ఆ తప్పు మనదేనని కూడా తెలుస్తుంది. ఇద్దరి పడవలో తప్పు జరిగితే జిబ్ వాళ్ళదా, టిల్లర్ వాళ్ళదా, గాలిదా అనేది తేలదు, తేలేలోపు కోచ్ సరిచేసేస్తాడు. ఆయన మంచికే చేస్తాడు, మనకి మాత్రం ఆ పాఠం పోతుంది.

మా ఊరు సూళ్ళూరుపేట పక్కన. చిన్నప్పుడు పులికాట్‌లో తెరచాప వేసుకుని వచ్చే జాలరుల్ని చూస్తుండేవాణ్ణి, ఒక మనిషి, ఒక చేతిలో తాడు, ఇంకో చెయ్యి చుక్కాని మీద, కళ్ళు మాత్రం పడవ మీద ఉండేవి కావు, దూరంగా నీళ్ళ మీద ఉండేవి. ఆయన ఏం చూస్తున్నాడో నాకు లేజర్ ఎక్కాక గానీ అర్థం కాలేదు.

ఇక అందరూ అడిగే భయం, తిరగబడితే? లేజర్ తిరగబడుతుంది, మొదటి నెలలో చాలాసార్లు, అది దాచను. లైఫ్ జాకెట్ వేసుకుని భయపడకుండా తేలగలిగితే సరిపోతుంది, గజ ఈతగాడు కానక్కర్లేదు. పడవ పక్కకి పడితే చుట్టూ ఈది కిందికి వచ్చి, అడుగున పొడుచుకుని ఉండే డాగర్‌బోర్డ్ పట్టుకుని దాని మీదకి ఎక్కి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే లేస్తుంది. ఎక్కే ముందు తాడు వదులుగా ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే లేవగానే గాలి పట్టుకుని మళ్ళీ పడుతుంది. లేచాక లోపల పెద్దగా నీళ్ళు నిలబడవు, ఉన్న కాసిని కదిలే కొద్దీ బయటికి పోతాయి. ఏం చేసినా పడవని ఒదిలిపెట్టి ఒడ్డుకి ఈదకూడదు. చెల్లికి మొదటి రోజు కావాలనే నాలుగుసార్లు తిరగేయించారు, ఆ తర్వాత తనకి ఆ భయం లేదు.

ఇంకో రెండు ముక్కలు ముందే తెలిస్తే మంచిది. ఎప్పుడు కంగారొచ్చినా తాడు వదిలేయండి, తెరచాప కొట్టుకుంటుంది, పడవ దాదాపు ఆగిపోతుంది, మనకున్న బ్రేక్ అదే. నాలాగా గాలికి ఎదురుగా ఇరుక్కుంటే బూమ్‌ని చేత్తో బయటికి తోసి టిల్లర్‌ని కూడా అటే తోయండి, పడవ వెనక్కి పోతూ ముక్కు తిప్పుకుంటుంది, తిరిగాక రెండూ దగ్గరికి లాక్కోండి. ఆ రోజు నాకు కట్ట మీద నుంచి ఎవరో ఇదే అరిచి చెప్పారు.

లేజర్ అనగానే పెద్ద తెరచాప కట్టుకోకండి. పడవ ఒకటే, తెరచాపలు మూడు: 4.7 చదరపు మీటర్లది, 5.7 చిల్లర ఉండే రేడియల్, 7.06 ఉండే స్టాండర్డ్. మీ బరువు 80 అయినా సరే, మొదటి రెండు నెలలు 4.7 చాలు, మగవాళ్ళు చిన్నది కట్టమంటే నామోషీగా ఫీలవుతారు, అనవసరం. తర్వాత తెరచాప, అది కట్టే నిలువు కొయ్యలో కింది ముక్క మార్చుకుంటే చాలు, పడవ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. మన చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి క్వాలిఫై అయ్యింది, సెయిలింగ్‌లో మన దేశం నుంచి అలా వెళ్ళిన మొదటి మహిళ తను, అది కూడా ఈ రేడియల్‌లోనే. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విష్ణు శరవణన్‌కి కాంస్యం వచ్చిందీ ఈ పడవలోనే, పెద్ద తెరచాపతో. మీరు వారాంతంలో ఎక్కేదీ అదే పడవ.

టైమ్ మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి, ఇక్కడే లేజర్ మీద నా నమ్మకానికి ఒక షరతుంది. చెన్నైలో ఎండాకాలం మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది, ఒక్కోరోజు బాగా గట్టిగా వీస్తుంది, కొత్తవాళ్ళు ఆ టైమ్‌కి ఒంటరిగా నీళ్ళ మీద ఉండకూడదు, పొద్దున్నే వెళ్ళి గాలి పెరగ్గానే వచ్చేయాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో సగం వారాంతాలు పోతాయి, అందుకని నన్నడిగితే జనవరిలో మొదలుపెట్టండి. రెస్క్యూ బోటు నీళ్ళలో లేని రోజు మాత్రం ఎంత బతిమాలినా వెళ్ళొద్దు.

మిగతావాటి గురించి రెండేసి మాటలు. పిల్లలకైతే ఆలోచించక్కర్లేదు, ఆప్టిమిస్ట్, 35 కిలోల చిన్న పెట్టెలాంటి పడవ, 15 ఏళ్ళ లోపువాళ్ళ కోసమే చేసింది. రెండు పొట్టల కటమరాన్ స్పీడుగా పోతుంది, తర్వాత చూసుకోండి. విండ్‌సర్ఫింగ్ వేరే సంగతి. పెద్ద కీల్‌బోట్ (అడుగున బరువు బిగించిన పడవ) ఎక్కితే షికారు బాగుంటుంది, నేర్చుకున్నాక ఎక్కండి.

ఎక్కడ అని కూడా అడుగుతున్నారు. చెన్నై హార్బర్ లోపల రెండున్నాయి, 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్, తమిళనాడు సెయిలింగ్ అసోసియేషన్. ఫీజులు, బ్యాచ్‌లు వాళ్ళనే అడగండి, ఏ పడవలో నేర్పుతారో అది కూడా ముందే అడగండి. ఇద్దరి పడవతోనే మొదలుపెడతామంటే కాదనకండి, రెండు వారాలు అందులో కూర్చోండి, కానీ మూడో వారానికి ఒంటరిగా పంపమని మీరే నోరు తెరిచి అడగండి, నాలాగా ఐదు వారాలు ఆగొద్దు.

చెల్లి మొన్న ఆదివారం ఒడ్డుకి వస్తూనే "అన్నయ్యా, గాలి దక్షిణానికి తిరిగింది, చూశావా?" అంది. నేను కట్ట మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా, చూడలేదు. తనకి నీళ్ళెక్కి ఏడు వారాలు. వచ్చే నెల రేడియల్ కడతానంటోంది, బరువు 58 కదా, ఇంకో నెల ఆగమన్నాను.