తాజ్‌మహల్ సెలవు రోజున ఎలుగుబంట్ల దగ్గరికి

ఆగ్రా టికెట్లు తీసేముందు ఒక్క విషయం చూసుకోండి, శుక్రవారం తాజ్‌మహల్‌కి సెలవు. మాకు బెర్తులు దొరికింది మాత్రం సరిగ్గా శుక్రవారం దిగేలాగే. నేనూ నాన్నా విజయవాడలో తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. జనవరి మంచుకి గ్వాలియర్ దాటాక బండి ఆగుతూ ఆగుతూ నడిచింది. తెల్లవారకముందే చేరాల్సింది, ఆగ్రా కంటోన్మెంట్‌లో దిగేసరికి ఏడున్నర అయింది. ఆ రోజుని ఎలుగుబంట్ల సంరక్షణ కేంద్రానికి పెట్టుకున్నాం. అసలు నేను ఆగ్రా వెళ్లిందే దానికోసం. తాజ్ నాన్న కోసం.

నాకు నాలుగైదేళ్లప్పుడు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి ఏడ్చేదాన్నట. ఒకరోజు మా వీధిలోకి ఎలుగుబంటిని ఆడించేవాడు వస్తే, వాడి చేతిలో రూపాయి పెట్టి నాన్న నన్ను దాని వీపు మీద కూర్చోబెట్టాడు. దడుపు పోతుందని అప్పట్లో అందరూ చేయించేవారు. రెండు వెంట్రుకలు తీసుకుని తాయెత్తులో పెట్టి నా మెడలో కట్టారు కూడా. నాకు గుర్తున్నదల్లా వెచ్చగా ఉన్న ఆ వీపు, గరుకు వెంట్రుకలు, దాని మూతిలోంచి వాడి చేతికి వెళ్లిన తాడు. ఆ తాడు మూతికి కట్టింది కాదని, మూతిని పొడిచి లోపల్నుంచి తీసిందని చాలా ఏళ్ల తర్వాతగానీ నాకు తెలియలేదు.

కేంద్రం ఊళ్లో లేదు. మథుర వెళ్లే హైవే మీద 20 కిలోమీటర్ల దూరంలో కీఠం చెరువు ఉంది. దాన్నే సూర్ సరోవర్ పక్షుల అభయారణ్యం అంటారు, దాని లోపలే ఈ కేంద్రం. వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే సంస్థ ఉత్తరప్రదేశ్ అటవీశాఖతో కలిసి 1999లో దీన్ని మొదలుపెట్టింది. వీధుల్లో ఆడించే ఎలుగుబంట్లు ఇక్కడికి రావడం 2002 డిసెంబరులో మొదలైంది. 2009 డిసెంబరు నాటికి దేశంలో ఆ ఆట ఆగిపోయింది. అప్పటికి 600కి పైగా ఎలుగుబంట్లను విడిపించారు. అన్నీ ఆగ్రాకే రాలేదు. బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలోనూ భోపాల్‌లోనూ ఇలాంటి కేంద్రాలున్నాయి.

ఇక్కడికి వెళ్లాలంటే ముందే బుక్ చేసుకుని టైమ్ ఖాయం చేసుకోవాలి. దారిలో కనిపించింది కదా అని కారు ఆపి చూసే చోటు కాదు. నాకిది నచ్చింది. మాకు మధ్యాహ్నం ఇచ్చారు. చలికాలంలో అదే మంచిది, మంచు విడి ఎండ వచ్చాకే జంతువులు బయట తిరుగుతాయి.

బస చేసిన చోటువాళ్లు మాట్లాడిపెట్టిన క్యాబ్‌తో మాత్రం పేచీ వచ్చింది. డ్రైవరు ముందు "భాలూలను చూడ్డానికి అంత దూరమెందుకు?" అన్నాడు, తర్వాత చెప్పకుండానే పాలరాతి బొమ్మల షాపు ముందు ఆపాడు. దిగేది లేదని నేను, చూసి రండని అతను, అరగంట పోయింది. టైమ్ దాటిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. ఎక్కేముందే ఏయే చోట్లకి వెళ్లాలి, ఎంతసేపు ఆగాలి, మొత్తం ఎంత అని ఫోన్లో మెసేజ్ పెట్టించుకోండి. నేను మర్నాటి నుంచి అలాగే చేశాను, ఇబ్బంది రాలేదు.

లోపలికి వెళ్లగానే ఒక చిన్న వీడియో చూపించారు. తల్లిని చంపి పిల్లని ఎత్తుకురావడం, మత్తు కూడా ఇవ్వకుండా ఎర్రగా కాల్చిన ఇనుప ఊచతో మూతిని పొడవడం, కోరపళ్లు విరగ్గొట్టడం. పదేళ్లలోపు పిల్లలుంటే ముందే ఒక మాట చెప్పి తీసుకెళ్లండి. ఆడించే కలందర్ కుటుంబాల గురించి కూడా చెప్పారు. తరతరాలుగా వాళ్లకదే కూడు. ఎలుగుని అప్పగించినవాళ్లకి వేరే పని చూసుకోవడానికి డబ్బు సాయం చేసి, పిల్లల్ని బడికి పంపించారు. అది చేయకపోతే ఈ పని ఇంతదూరం వచ్చేది కాదని నా నమ్మకం. ఒక ఎలుగుని లాక్కుంటే ఆకలితో ఉన్న మనిషి అడవికి పోయి ఇంకో పిల్లని తెస్తాడు.

తర్వాత ఒక కుర్రాడు మమ్మల్ని నడిపించుకుంటూ తీసుకెళ్లాడు. కంచెకి ఇవతల మనం, అవతల చెట్లు, మట్టి దిబ్బలు, చిన్న నీటి మడుగులు, వేలాడే టైర్లు, ఎక్కడానికి మంచెలు. గట్టిగా మాట్లాడకూడదు, తినేవి ఇవ్వకూడదు, ముట్టుకోవడం అన్న మాటే లేదు. మొదటి ఆవరణలో ఒక్కటీ కనపడలేదు. మాతో వచ్చినవాళ్లలో ఒకాయన "పిలవండి, వస్తాయిగా" అన్నాడు. కుర్రాడు పిలవలేదు. "వాటికి రావాలనిపిస్తే వస్తాయి" అని మాత్రం అన్నాడు. రెండేళ్ల కిందట బన్నేరుఘట్టలో సఫారీ బస్సు కిటికీలోంచి నేను ఎలుగుబంట్లను చూశాను. బాగా దగ్గరగానే కనిపించాయి, కానీ బస్సంతా కేకలు, అంతలోనే బస్సు కదిలిపోయింది. ఎన్ని చూశామన్న లెక్కయితే ఆ బస్సే మేలు. ఎలుగు తనంతట తాను ఉండటం చూడాలంటే మాత్రం ఇక్కడికే రావాలి.

రెండో ఆవరణలో ఒకటి దుంగ దగ్గర కూర్చుని ఉంది. దుంగకి తొర్రలు చేసి తేనె పూశారు. అది ముందు పంజాతో దుంగని పట్టుకుని, తొర్రకి మూతి ఆనించి పీల్చడం మొదలుపెట్టింది. ఆ శబ్దం నేను ఊహించనిది, పాత మోటారు గాలి పీల్చుకుంటున్నట్టు బుస్సుమని లోపలికి, మళ్లీ బయటికి. ఈ జాతికి పైదవడ ముందుపళ్లు రెండు ఉండవట. ఆ సందులోంచే చెదపురుగుల్ని పుట్టలోంచి పీల్చేస్తుంది. దుమ్ము పోకుండా ముక్కురంధ్రాలు కూడా మూసుకోగలదు. తల ఎత్తినప్పుడు రొమ్ము మీద తెల్లటి గీత కనిపించింది, ఇంగ్లిష్ 'వి' అక్షరంలా. ముక్కు పైన, తాడు ఉండాల్సిన చోట, వేలు పట్టేంత గుంట. వెంట్రుక మొలవలేదక్కడ.

ఇంకొంచెం ముందుకి వెళ్లాక ఒక ముసలిది కంచె వారగా నిలబడి ఉంది. కాళ్లు కదపకుండా తలనీ భుజాలనీ ఎడమకీ కుడికీ ఊపుతోంది. నాన్న నా చెయ్యి పట్టుకుని "చూడమ్మా, ఆడుతోంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయనేమన్నారని కుర్రాడు నన్ను అడిగాడు. చెప్పాలనిపించలేదు, అయినా హిందీలో చెప్పాను. అతను కోప్పడలేదు. "ఆట కాదు అంకుల్‌జీ. ఏళ్ల తరబడి మేకుకి మూరెడు తాడుతో కట్టేశారు. అంత తాడుకి అదొక్కటే కదలిక. ఇక్కడికొచ్చాక చాలా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు" అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. నాన్న ఇంకేం మాట్లాడలేదు. మంకీ క్యాప్ తీసి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. మిగతావాళ్లు ముందుకి వెళ్లిపోయినా కుర్రాడు మాకోసం ఆగాడు. కాసేపటికి ఆ ఎలుగు ఊగడం మానేసి, గోళ్లతో మట్టి గీరి, ఎండలో పడుకుంది.

వీటిని అడవిలో ఎందుకు వదలరని నేనడిగాను. కోరలు లేవు, తల్లి దగ్గర నేర్చుకోవాల్సిన వయసు తాడుకే పోయింది. అడవిలో ఎలా బతుకుతాయి, అన్నాడు కుర్రాడు.

తిరిగొచ్చేటప్పుడు చెరువు గట్టు మీద కాసేపు ఆగాం. దూరంగా గూడబాతులు. మా కొల్లేటి ఆటపాకలో చూసినవాళ్లకి అదేం కొత్త కాదు. దారిలోనే సికంద్రాలో అక్బర్ సమాధి ఉంది, తోటలో కృష్ణజింకలు తిరుగుతుంటాయి. ఓపికుంటే ఒక గంట ఆగండి.

శనివారం పొద్దున తాజ్. మంచులో పదింటిదాకా గుమ్మటం కనపడలేదు. మధ్యాహ్నం అదే సంస్థ మథుర వైపు నడిపే ఏనుగుల కేంద్రానికి వెళ్లాం. దాని ఆస్పత్రి 2018లో తెరిచారు. పెళ్లి ఊరేగింపుల్లో, సర్కస్‌లలో, తారురోడ్ల మీద అడుక్కోవడంలో అరికాళ్లు పాడైన ఏనుగులు. ఒకటి కాలెత్తి ఇనుప స్టాండు మీద పెట్టి, మావటి పుండు కడిగేదాకా కదలకుండా నిలబడింది. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఒక్కదానికే టైమ్ ఉంటే ఏనుగుల దగ్గరికే వెళ్లండి, అక్కడ ఎదురుచూడాల్సిన పని తక్కువ.

బస విషయానికొస్తే, మేము తాజ్‌గంజ్ సందులో దిగాం. మేడ మీంచి తాజ్ కనపడుతుందన్నది నిజమే. కానీ తాజ్ దగ్గరికి కార్లు రానివ్వరు, సామానుతో నడవాలి లేదా బ్యాటరీ బండి ఎక్కాలి. మా గదికి మెట్లు నిటారుగా ఉన్నాయి, వేడినీళ్లు ఒక బకెట్టుకి మించి రాలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే ఫతేహాబాద్ రోడ్డు వైపు దిగండి. ఎలుగులూ ఏనుగులూ ముఖ్యమనుకుంటే సికంద్రా వైపు ఇంకా దగ్గర. పొద్దున్నే వేడివేడి బేడై (పప్పు కూరిన పూరీ), ఆలూ కూర మాత్రం నాన్నకి తెగ నచ్చింది.

కేంద్రం నుంచి బయల్దేరేముందు నాన్న ఆ కుర్రాణ్ణి ఒక ప్రశ్న అడిగాడు, నాచేత. మా ఆంధ్రావైపు నుంచి వచ్చినవి ఇక్కడున్నాయా అని. దక్షిణాదివి చాలావరకు బన్నేరుఘట్టకి వెళ్లాయన్నాడతను. నేను లెక్కేశాను, నన్ను ఎక్కించుకున్న ఎలుగు ఇప్పటిదాకా బతికుండే వీల్లేదు. నాన్నకీ అది తెలుసు. అయినా తిరుగు రైలు ఝాన్సీ దాటుతుండగా పై బెర్తు నుంచి వంగి అడిగాడు, "బెంగళూరువాళ్లకి రాశావా?" సఫారీ టికెట్టుతో ఆ కేంద్రం లోపలికి వెళ్లలేం. అందుకే విడిగా ఉత్తరం రాశాను, జవాబు రావాలి.